ముందు సీట్లో పిన్ని

మొన్న ఆఫీసులో భోజనాల వేళ నా పక్క బల్ల దగ్గర పనిచేసే అతను ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో చల్లని దేశంలో కొందరు చిన్న చిన్న విమానాలు తామే నడుపుకుంటూ ఒక విమానాశ్రయంలో దిగి, అక్కడి హోటల్లో ఆమ్లెట్ తిని, మళ్ళీ ఎగిరి ఇళ్ళకి పోతున్నారు. ఆమ్లెట్ కోసం విమానమా అని అతను ముక్కు మీద వేలేసుకున్నాడు. నేను పెరుగన్నం తినేసి లేచాను గాని, ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. ఇదే దోహాలో, నేను కొత్తగా ఉద్యోగానికి వచ్చిన రోజుల్లో, మా బావ అచ్చంగా ఆ పనే చేసేవాడు.

అప్పట్లో అక్కా బావా అల్ మన్సూరాలో ఒక ఫ్లాట్‌లో ఉండేవారు, నేను వాళ్ళింట్లోనే ఒక గదిలో ఉండేవాణ్ణి. బావ గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. నలభై దాటాక విమానం నడపడం నేర్చుకుని, మరో ముగ్గురు స్నేహితులతో కలిసి నాలుగు సీట్ల విమానం ఒకటి కొన్నాడు. శుక్రవారం వస్తే చాలు, ఊరికి దూరంగా ఉన్న చిన్న ఎయిర్‌ఫీల్డ్ నుంచి బయలుదేరి, ఉత్తరాన సముద్రం పక్కనున్న మరో రన్‌వే మీద దిగి, దాని అంచున ఉన్న కాంటీన్‌లో భోంచేసి వచ్చేవాడు. అక్కడికి ఇంకా రెండు మూడు విమానాలు వచ్చేవి. ఒక లెబనాన్ డాక్టరూ, ఒక ఇంగ్లీషు ముసలాయనా, ఇలా ఎవరెవరో చేరి, చేపా అన్నం ముందు పెట్టుకుని, తిండి గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా గాలి గురించే గంటసేపు మాట్లాడుకునేవారు. భోజనం ఒక సాకు. ఏ పనీ లేకుండా ఎగిరొచ్చామని చెప్పుకోవడానికి పెద్దవాళ్ళకి మొహమాటం ఉంటుంది కాబట్టి, తినడానికి వచ్చామని చెప్పుకునేవారు.

ఆ చలికాలం చివర మా పిన్ని చీరాల నుంచి విజిట్ వీసా మీద వచ్చింది. మా బాబాయి పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. లావుపాటి మనిషి, నవ్వితే ఒళ్ళంతా ఊగేది. కాని ఇంట్లో ఎవరు బయటికి వెళ్తున్నా, చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినపడగానే వంటింట్లోకి వెళ్ళి తలుపు జారవేసుకునేది. ముఖ్యంగా శుక్రవారం బావ బయలుదేరుతుంటే ఆవిడ నీడ కూడా హాల్లో పడేది కాదు. ఆవిణ్ణి ఎవరూ వెళ్ళమనలేదు, ఉండమని కూడా అనలేదు.

నేను కాలేజీ రోజుల నుంచీ సంస్కరణ సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. భర్త పోయిన స్త్రీ ఎదురైతే పని చెడుతుందనే మాట నాకు మూఢనమ్మకంగా కూడా కనపడేది కాదు, దౌర్జన్యంగా కనపడేది. మనిషిని కొట్టకుండా, తిట్టకుండా, తన ఇంట్లో తనే దాక్కునేలా చేయగలిగిన ఆచారం కంటే క్రూరమైనది మరొకటి లేదని వేదికలెక్కి అరిచేవాణ్ణి. పిన్ని దగ్గరా అదే ఉపన్యాసం. ఆవిడ శ్రద్ధగా విని, “ఎంత బాగా చెప్తావురా” అని మెచ్చుకుని, చెప్పుల చప్పుడు వినపడగానే లేచి వంటింట్లోకి వెళ్ళేది.

ఒక శుక్రవారం మమ్మల్నందరినీ భోజనానికి తీసుకెళ్తానని బావ అన్నాడు. ఎయిర్‌ఫీల్డ్ షెడ్డులో స్నానాల గదిలో ఉండేలాంటి బరువు తూచే యంత్రం ఒకటి ఉంది. ఎండ ముదిరేకొద్దీ గాలి పలచబడి విమానం మోసే బరువు తగ్గుతుందిట, అందుకని ఎక్కే ప్రతివాళ్ళనీ తూచాలి.

“అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి, దీని మీద ఒక్కసారి నిలబడాలి.”

“అల్లుడుగారి ముందు తూకమా? బియ్యం బస్తానా నేను! నువ్వైనా చెప్పవే,” అని పిన్ని అక్క వైపు చూసింది.

“నేనూ ఎక్కాగా పిన్నీ. ఎక్కు.”

బావ లెక్క వేసుకుని, బరువైన మనిషి ముందుండాలి, లేకపోతే తోక బరువెక్కుతుంది, కాబట్టి తన పక్క సీటు అత్తయ్యగారిదే అన్నాడు. పిన్ని మొహంలో నవ్వు పోయింది.

“నేను వెనకాలే కూచుంటాను నాయనా. ముందు నేనుంటే ఏం బాగుంటుంది?”

అక్క చూపు తిప్పుకుని చేతిసంచి సర్దుకుంది. నేను ఉపన్యాసానికి నోరు తెరవబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. “నువ్వూ మీ అక్కా కలిపితే ఒక మనిషి. ముందు మీరెవరు కూచున్నా లాభం లేదు. యల్లా, పదండి, ఎండెక్కుతోంది.”

పిన్ని ఎక్కింది. వెనక సీట్లోంచి నాకు హెడ్‌ఫోన్ కింద నలిగిన ఆవిడ కొంగు మాత్రమే కనపడేది. చాలాసేపు కళ్ళు మూసుకునే ఉందని, లోతు తక్కువ సముద్రం పచ్చగా కనపడ్డాక తెరిచిందని తర్వాత బావ చెప్పాడు.

కాంటీన్‌లో వంటమనిషి జగిత్యాల వైపు అతను. మా మాటలు విని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. “కూసోండ్రి అమ్మా. గీడ మన భాష ఇని ఎన్నొద్దులాయె! మావోళ్ళకు ఏ అరబ్బు దేశమైనా దుబాయే, నేను దుబాయ్‌ల విమానాలకు బువ్వ వెడ్తున్ననని ఊరంత చెప్పుకుంటరు.” పిన్ని కోసం విడిగా టమాటా పప్పు చేసి పెట్టాడు.

మేము తింటుండగానే ఉత్తరం నుంచి గాలి లేచింది. చూస్తుండగా రన్‌వే చివర ఇసుకలో కలిసిపోయింది. బావ బయటికి వెళ్ళి చూసొచ్చి, “ఈ రోజు మాఫీ, ఎగరడం లేదు. విమానం ఇక్కడే కట్టేసి కారులో పోదాం” అన్నాడు. కాంటీన్ యజమాని తన బండిలో మమ్మల్ని దిగబెట్టాడు. దారిలో పిన్ని మెల్లగా, “నేను చెప్పలేదుటే?” అని అక్కని అడిగింది. అక్క అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కాదని ఒక్క మాట అంటే సరిపోయేది, అనలేదు.

ఆ రాత్రే పిన్ని తిరుగు టికెట్ ముందుకి జరపమంది. ఆ వారం ఆవిడ సరిగ్గా తినలేదు, అందరూ వెళ్ళేదాకా వంటింట్లోంచి రాలేదు. ఏటా వీచే గాలికి చీరాల మనిషి ముందు కూర్చుందో వెనక కూర్చుందో ఎలా తెలుస్తుందని నేను రోజూ వాదించాను. నా వాదంలో తప్పేమీ లేదు. ఆవిడా తప్పు పట్టలేదు. “నువ్వనేది నిజమేరా. కానీ అల్లుడుగారికేమన్నా అయ్యుంటే, మీ అక్క నా మొహం చూసేదా?” అంది.

మరుసటి శుక్రవారం విమానం తీసుకురావాలి. బావ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, జారవేసిన తలుపు తట్టి, “అత్తయ్యగారూ, మొన్న మనిద్దరం ముందు కూచుని తీసుకెళ్ళాం. తీసుకురావడానికి కూడా మీరు రావాలి” అన్నాడు. చాలాసేపటికి పిన్ని చీర మార్చుకుని వచ్చింది. అక్క అందరికంటే ముందు లేచి కారు తాళాలు తీసుకుంది.

కాంటీన్‌లో పిన్ని ఏమీ ముట్టలేదు. వంటమనిషి మా నలుగురికీ సరిపడా అన్నం, పప్పు పొట్లం కట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. “దిగినంక తినుండ్రి అమ్మా, ఏం గాదు.” బావా, పిన్నీ విమానం ఎక్కారు. అక్కా, నేనూ కంచె దగ్గర నిలబడ్డాం. అది మా ఎదురుగానే పరుగెత్తి లేచింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, దేనికి భయపడుతోందో నేను అడగలేదు. ఆ తర్వాత ఆ పొడుగాటి రోడ్డు మీద ఎన్నడూ లేనంత వేగంగా కారు నడిపింది.

మేము చేరేసరికి షెడ్డు నీడలో, బెంచీ మీద, పిన్ని బావ పక్కనే కూర్చుని ఉంది. పొట్లం ఖాళీ.

“మీకు ఉంచుదామనే అనుకున్నానే,” అంది వేళ్ళు తుడుచుకుంటూ, “ఆకలేసింది.”

అక్క అక్కడే, ఆ సిమెంటు నేల మీద కూలబడి ఏడ్చింది. పిన్ని టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు, వీసా ఉన్నన్నాళ్ళూ ఉంది. శకునాలు నమ్మడం మాత్రం మానలేదు. విమానాలకి అవి వర్తించవని తేల్చుకుంది, అంతే.

పిన్ని ఇప్పుడు లేదు. కంటి పరీక్షలో నెగ్గక బావ విమానంలో తన వాటా అమ్మేశాడు, ఆ కాంటీన్ కూడా మూసేశారని విన్నాను. నాకు అంతకంటే వింతగా తోచేది వేరే ఉంది. ఇప్పుడు ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళలో శుభకార్యాలకి వెళ్తే ఎవరూ ఎవరినీ తప్పుకోమనరు, అలాంటి మాట పైకి అనడం అనాగరికమని అందరూ నేర్చుకున్నారు. కుంకుమ భరిణ మాత్రం వరసలో ఒకరి దగ్గరికి వచ్చేసరికి చక్కగా దాటిపోతుంది, ఆ ఒక్కరూ ఏమీ చూడనట్టు ఫోన్‌లోకి తల వంచుకుంటారు. ఎవరైనా ఏదైనా అంటే చెప్పడానికి ఇన్నేళ్ళుగా నా దగ్గర మాటలున్నాయి. ఎవరూ ఏమీ అనరు. భోంచేసి వచ్చేస్తాను.