తాత్కాలికం అని రాసిన బ్రేకర్

మా పిన్ని టైలరు. బాబాయి ఎలక్ట్రీషియన్. ఆయన పోయి నాలుగు నెలలైంది. పిన్ని ఏడవలేదు. ఎవరైనా అడిగితే, "ఏమో, రావట్లేదు" అంటుంది, చొక్కాకి గుండీ కుడుతూనే.

ఆ రోజు పొద్దున్నే ఇస్త్రీపెట్టె ఆన్ చేయగానే బోర్డులో బ్రేకర్ టప్పున పడిపోయింది, మళ్లీ ఎత్తినా నిలవలేదు. ముందుగది లైనంతా పోయింది. తుంటి విరిగి మంచం పట్టిన పిన్ని అత్తగారి గాలిపరుపు మోటారు కూడా ఆ లైను మీదే. అదీ ఆగింది. పరుపు చప్పబడితే రెండు గంటల్లో ఆవిడ వీపు కందిపోతుంది. కిందటిసారి పడ్డ పుండు మానడానికి నెలన్నర పట్టింది. వంటింటి ప్లగ్గు దాకా వైరు అందదు.

"అమ్మాయ్, ఈ పరుపు నాకంటే ముందే పోయేలా ఉందే!" అంది అత్తగారు.

"మీరూ, పరుపూ ఇద్దరూ ఉండండి, మేస్త్రీని పిలుస్తా" అంది పిన్ని.

మేస్త్రీ బాబాయి దగ్గరే పని నేర్చుకున్నాడు. మెయిన్ ఆపి మూత విప్పాడు. చెడిపోయిన బ్రేకర్ మీద తెల్ల టేపు, దాని మీద బాబాయి రాత: 'తాత్కాలికం'. కింద పదకొండేళ్ల కిందటి తేదీ. ఎవరింట్లోనైనా అప్పటికప్పుడు సర్దుబాటు చేస్తే అలా టేపు వేసి, వారం తిరక్కుండా వెళ్లి సరిచేసి రావడం ఆయన అలవాటు.

"ముప్పైరెండు ఆంప్స్ వదినా. నా సంచిలోనూ ఒకటుంది. ఐదు నిమిషాల్లో బిగించేస్తా."

"వైరు సైజెంత?"

"ఒకటిన్నర."

"అంత సన్న వైరుకి పదహారు దాటిన బ్రేకర్ పెడితే, అది పడేలోపే వైరు కాలుద్దని మీ అన్నేగా ఊరంతా చెప్పింది?"

మేస్త్రీ మెడ గోక్కున్నాడు. "అన్న పెట్టాడంటే ఏదో ఆలోచించే ఉంటాడు."

"ఏం ఆలోచించలా. ఆ రోజు సంచిలో అదే ఉండుంటది. కస్టమర్ ఇల్లు కాదుగా."

బ్రేకర్ ఊడదీశాక ఇంకో సంగతి బయటపడింది. ఆ బ్రేకర్ వేరే కంపెనీది. బోర్డులో కరెంటు తెచ్చే రాగిపట్టీ దాని స్క్రూ నోటికి అందక, బాబాయి మధ్యలో వైరుముక్క మడిచి దూర్చాడు. అక్కడే వదులై, వేడెక్కి, నల్లగా మాడిపోయింది.

పిన్ని మేస్త్రీతో పక్కనున్న మంచి బ్రేకర్ ఒకటి విప్పించి, మచ్చుకని చేతిసంచిలో వేసుకుంది. "అత్తయ్యని పక్కకి తిప్పి వీపుకి దిండ్లు పెట్టు. వస్తా."

"మెల్లిగా తిప్పరా, నేను స్విచ్చుని కాదు" అంటున్న అత్తగారి గొంతు గుమ్మం దాకా వినబడింది.

మొదటి షాపులో మచ్చు కంపెనీది లేదు. "అన్నీ ఒకటేనమ్మా, ఏదైనా టక్కున కూర్చుంటది" అన్నాడు షాపాయన. పిన్ని రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. వెనక కొక్కెం ఒకటే. స్క్రూ ఉన్న నోరు మాత్రం బియ్యపుగింజంత కిందకుంది.

"కూర్చుంటది. పట్టీ అందదు" అని బయటికొచ్చేసింది. అప్పటికే ముప్పావుగంట అయింది. రెండో షాపులో అదే కంపెనీ, అదే రకం, పదహారు ఆంప్స్ది దొరికింది. మచ్చు పక్కన పెడితే రెండు నోళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

మేస్త్రీ రెండూ బిగించి, స్క్రూలు ఒకటికి రెండుసార్లు లాగి చూసి, మెయిన్ వేశాడు. మోటారు గుర్రుమంది. అత్తగారి వీపు మీద ఎరుపు ఇంకా లేత రంగులోనే ఉంది. మేస్త్రీ చెయ్యి అలవాటుగా సంచిలోని తెల్ల టేపు మీదకి పోయింది.

"వద్దు. ఇది ఉండిపోయేది" అంది పిన్ని.

పాత బ్రేకర్ మీంచి ఊడిన టేపు ఆమె వేలికి అంటుకుని ఉంది. దారప్పోగుల బుట్టలో దులపబోయింది.

"వాడి రాతేనా అది? ఇలా తే" అంది అత్తగారు.

పిన్ని ఇచ్చేసింది. ఇస్త్రీపెట్టె ఆన్ చేసి, బోర్డు వైపు చూస్తూ నిలబడింది. బ్రేకర్ పడలేదు. పెట్టె వేడెక్కింది. చొక్కా కాలరు పరిచింది.