రమణన్నతోని రోమ్‌ల నిలబడి తిన్న పన్నెండు రోజులు

నిన్న పొద్దుగాల డ్యూటీ బస్ ఎక్కుతుంటే ఫోన్ వచ్చింది.

దోహ పక్కన ఉమ్ సలాల్‌ల నేను మునుపు డ్రైవర్‌గ పనిజేసిన ఇంటి కుక్. శ్రీలంకాయన.

"రమణ మాఫీ" అన్నడు.

ఇక్కడ మాఫీ అంటే లేదు అని. ఉప్పు మాఫీ, లీవ్ మాఫీ, నెట్‌వర్క్ మాఫీ, పైసల్లేకుంటె ఫులూస్ మాఫీ. దినాం నూరుసార్లు వింటం. రమణన్న రూంల లేడేమో, మేడంను తీస్కొని యాడికన్న పోయిండేమో అనుకున్న. ఎటు పోయిండని అడిగిన.

ఆయన మల్ల అదే మాటన్నడు. ఈసారి ఏడుస్తున్నడు.

బండి కడుగుతుంటెనే పడిపోయిండట. హార్ట్ అటాక్. పైపుల నీళ్లు అట్లనే పోతున్నయట.

బస్ వెళ్లిపోయింది. నేను ఆడనే నిలబడ్డ.

ఈ పోస్ట్ చదివే మీలో చానామందికి రమణన్న తెల్వదు. రాయచోటి దిక్కు మనిషి. పద్నాలుగేండ్ల సంది అదే ఇంట్ల హౌస్ డ్రైవర్. నేను జగిత్యాల నుంచి కొత్తగ వచ్చినప్పుడు, ఆ ఇంట్ల నాకు బండ్ల తాళాలు, రోడ్లు, మేడం కోపాలు అన్ని చెప్పిచ్చింది ఆయనే. నన్ను "అబ్బీ" అని పిలిచేటోడు. మా అమ్మ కూడ నన్ను గంత మెల్లగ పిలవది.

పోయిన ఏడాది ఎండకాలం ఆ ఇంటోళ్లు పన్నెండు రోజులు రోమ్ పోయిండ్రు. మా ఇద్దర్ని కూడ తీస్కపోయిండ్రు. ముసలమ్మ వీల్‌చెయిర్ రమణన్న నూకాలె, పిల్లల స్ట్రోలర్ నేను నూకాలె.

నేను పెట్టిన ఫోటోలు మీరు చూసిండ్రు. "దుబాయోడు యూరప్ పోయిండు, పిజ్జాలు తింటుండు" అని కామెంట్లు పెట్టిండ్రు. గల్ఫ్‌ల ఏడున్నా మనోళ్లకు దుబాయోడే. నేను నవ్వే బొమ్మలు పెట్టిన.

అసలు ముచ్చట ఇయ్యాల చెప్తున్న.

తిండికి మనిషికి దినానికి ఇరవై యూరోలు చేతుల వెట్టిండ్రు. మస్తు అనుకున్న.

రమణన్న అన్నడు, "యూరోను రియాల్ చెయ్. రియాల్‌ను రూపాయి చెయ్. అప్పుడు సూడు, ఆకలవుతాదో లేదో."

చేసిన. నిజంగనే కాలే.

ఆయన ప్లాన్ ఏందంటే ఐదు యూరోలు కడుపుకు, పదిహేను చిన్నబిడ్డ నర్సింగ్ ఫీజుకు.

రెండో రోజు మధ్యాహ్నం తప్పు జరిగింది. కాళ్లు గుంజుతుంటే ఒక హోటల్‌ల కూసున్నం. ఒక్క సూప్ చెప్పి రెండు స్పూన్లు అడిగినం. వెయిటర్ రొట్టెల బుట్ట తెచ్చి పెట్టిండు.

మా దోహల ఏ హోటల్‌ల కూసున్నా ఖుబూస్ రొట్టె, సలాడ్ అడగకుండనే పెడ్తరు కదా. ఫ్రీ. మేమదే అనుకున్నం. రమణన్న బ్యాగ్‌లకెళ్లి హార్లిక్స్ సీసా తీసిండు. అండ్ల వాళ్లింటి పప్పుల పొడి. రొట్టె చింపుడు, పొడి అద్దుడు.

"ఇంగో బుట్ట అడుగు అబ్బీ, ఊరికెనే గదా."

బిల్లొచ్చింది. రొట్టెకు వేరే. నీళ్లకు వేరే. కింద ఇంకో లైన్ సమజ్ కాలే. ఇదేందని అడిగితే వెయిటర్ మా కుర్చీలు చూపెట్టిండు.

రమణన్న కుర్చీ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

"కూచున్నెందుకు గూడా దుడ్డేనా అబ్బీ?"

కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వినం. బయటికొచ్చినంక నవ్వు రాలే. సాయంత్రం ఇద్దరం ఏం తినలే.

ఆ దినం సంది మేం మల్ల కూసోలే.

కాఫీ కౌంటర్ కాడ నిలబడి తాగితే ఒక రేటు, కూసుంటే మూడింతలు. సూపర్ మార్కెట్‌ల సగం ధర స్టిక్కర్ ఏసిన రొట్టె, పెరుగు. హోటల్ రూంల కెటిల్‌ల కోడిగుడ్లు ఉడకేసుకునుడు. నీళ్లకు రోడ్డు మీది నల్లాలు. పన్నెండు రోజులు ఏదో ఒక గోడకు ఒరిగి నిలబడి తిన్నం.

తిన్నవా అని ఎప్పుడడిగినా రమణన్న "ముసలమ్మ మిగిలిచ్చింది ఇచ్చినారు, తిన్యా, నువ్ తిను" అనేటోడు. నేను నమ్మిన.

వాపస్ ఫ్లైట్‌ల ట్రే పెట్టంగనే ఆయన తిన్న తీరు చూసినంక తెలిసింది. నా ట్రేల బన్ను కూడ తీసి ఆయన ముందు పెట్టిన. తలకాయ వంచుకొని తిన్నడు.

అప్పుడే మాట అనుకున్నం. దోహల ఒక్కపారి మంచిగ టేబుల్ కాడ కూసొని, రేట్లు చూడకుంట తినాలె అని.

తర్వాత నేను కంపెనీ మారి దోహల ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాకొచ్చిన. ఇగ ఆ మాట అట్లనే ఉండె.

పోయిన శుక్రవారం ఆయనే ఫోన్ చేసిండు. ఫీజు కట్టేసినా, వస్తా అబ్బీ, కూచోని తిందాం అన్నడు. నాకు ఓటీ, ఓవర్‌టైం డ్యూటీ ఉండె. వచ్చే జుమ్మాకు చూద్దాం అన్న.

"సరేలే. యాడికి పోతా నేను, ఈడనే గదా ఉండేది" అన్నడు.

ఒక్క ఓటీ. ఎనిమిది గంటలు. అంతే. ఇది నేను జన్మల మరిచిపోను.

నిన్న ఆ ఇంటికి పోయి ఉమ్ సలాల్ నుంచి వాపస్ వస్తుంటే ఆకలైంది. ఆకలైనందుకు సిగ్గనిపిచ్చింది. మేం అనుకున్నట్లె ఒక హోటల్‌ల టేబుల్ కాడ కూసున్న. అడగకుండనే ఖుబూస్, సలాడ్ పెట్టిండు. ఖుబూస్ కాయితంల చుట్టుకొని బయటికొచ్చి గోడ పక్కకు నిలబడి తిన్న.

ఆ పన్నెండు రోజులు మేమేం తిన్నమో ఎరుకున్నోళ్లం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కన్నే. ఈ ఊర్ల నన్ను అబ్బీ అనేటోడు లేడు.

పేపర్లు అయినంక రమణన్నను రాయచోటికి పంపుతరట. హార్లిక్స్ సీసా ఇంక రూంల ఉన్నది. వదినెకు పంపుమని చెప్పిన.

రమణన్నా, పోయిరా. మస్తు నిలబడ్డవు.

ఇగ కూసో. నిమ్మలంగ తిను. నీకు శాంతి దొరకాలె.

ఆడ కూసున్నందుకు ఫులూస్ మాఫీ అన్నా.