తెల్లబడిన పగడాల దగ్గర మా బావ

ఆ ఏడు ఎన్నికలకు ముందు మా అక్క పులివెందుల దగ్గరి పల్లె నుంచి ప్రొద్దుటూరులో నా దగ్గరికి వచ్చింది. "మీ బావను నీ ఎంబడి సముద్రం కాడికి తీసకపో. ఈడుంటే బతకనీరు" అంది.

నేను కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. వేసవి సెలవుల్లో తమిళనాడు తీరంలోని రక్షిత దీవుల దగ్గర పగడపు దిబ్బల సర్వేకు వెళ్లేవాణ్ణి. బావ ఒక పార్టీ నాయకుడి వెంట తిరిగేవాడు. బావతోపాటు తిరిగే మనిషిని అంతకు నెల ముందే జమ్మలమడుగులో పట్టపగలు నరికేశారు.

ఎర్రగుంట్లలో రైలెక్కాం. బావ దారి పొడుగునా కిటికీ రెక్క ఎత్తనివ్వలేదు. మా క్యాంపులో కూడా మొదటి వారం గోడకు ఆనుకునే కూర్చున్నాడు. తర్వాత మెల్లగా మాతో పడవ ఎక్కసాగాడు. రక్షిత ప్రాంతంలోకి వచ్చిన జాలర్లను గార్డులు వెనక్కి పంపుతుంటే ఆయనకు నచ్చలేదు.

"వాళ్ల సముద్రంలోకి వాళ్లనే రావద్దంటే ఎట్లప్పా?"

"చేపలు ఈడ పెరిగితేనే కదా బావా, బయట వాళ్ల వలల్లో పడేది" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

మే నెల సగానికి నీళ్లు మరీ వెచ్చబడ్డాయి. గోధుమ రంగు దిబ్బలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. బావ నా ఈత కళ్లద్దాలు పెట్టుకుని, పడవ అంచున బోర్లా పడుకుని, ముఖం నీళ్లలో ముంచి చూశాడు. లేచాక అడిగాడు:

"ఎవురు జేసినారు?"

"ఎవరో ఒకరు కాదు. లోకమంతా వదిలే పొగకు ఏటికేడు సముద్రం కాగుతాంది. పగడాల లోపల ఉండే సన్నని పాచే వాటికి రంగూ, తిండీ. వేడికి అది బయటికి పోతాది."

"మరి ఇంతమంది కాపలా ఉండి ఏం లాభం?"

"కాపలా వలలను ఆపుతాది. వేడిని యాడ ఆపుతాది?"

"అయితే సచ్చినట్టేనా?"

"ఇంకా లేదు. నీళ్లు బిన్నే, నెల తిరక్కుండా సల్లబడితే శానా వరకు తేరుకుంటాయి."

మర్నాటి నుంచి థర్మామీటరు నీళ్లలోకి దించే పని ఆయనే పెట్టుకున్నాడు. నా నోటు పుస్తకంలో వంకర టింకర అంకెలు వేసేవాడు. ఎన్నికల ఫలితాల రోజు క్యాంపు దగ్గరి టెలిఫోన్ బూత్‌కు బావ కోసం ఫోన్ వచ్చింది. వాళ్ల నాయకుడు గెలిచాడట, ఎర్రగుంట్లకు జీపు పంపుతాడట.

"ఈడ నాకు పని ఉండాదప్పా" అని బావ ఫోన్ పెట్టేశాడు.

సర్వే ముగిసేదాకా నాతోనే ఉన్నాడు. సెప్టెంబరులో నేను ఒక్కణ్ణే వెళ్లి చూశాను. కొన్ని దిబ్బలకు రంగు తిరిగి వచ్చింది. లోతు తక్కువ చోట్ల ఉన్నవి చచ్చి పచ్చగా నాచు పట్టాయి. వచ్చి చెబితే బావ అంతా విని, ఏవేవి పోయాయో ఒక్కొక్కటీ అడిగాడు.

అప్పటికే అక్కను పల్లె నుంచి తీసుకుని ప్రొద్దుటూరు చేరి బండల పాలిష్ మిషను మీద పనికి కుదిరాడు. నాయకుడి మనుషులు రెండుసార్లు వచ్చి పిలిచారు. రానన్నాడు. మూడోసారి ఎవరూ రాలేదు. నాయకుడి దగ్గర ఆయన చోట్లోకి పెండ్లిమర్రి వైపు మనిషి ఒకడు కుదిరాడని తర్వాత విన్నాం.