మేనత్త జీడితోట బేరం

మా ఇంట్లో బేరమాడటం నామోషీ. వ్యాపారి ధర చెప్తాడు, మేం తలూపి తాంబూలం ఇస్తాం. మా నాన్న అలా తలూపుతూనే ఉద్దానంలో తన జీడితోటలన్నీ పోగొట్టుకున్నారు. నడుం మాత్రం వంచలేదు. ఆ నడుమే నాకూ వచ్చింది.

ఇప్పుడు మిగిలింది మా మేనత్త తోట ఒక్కటే. అత్తయ్యకు పిల్లల్లేరు. మతిమరుపు ముదిరింది. నన్ను చూసి మా నాన్న అనుకుని "అన్నియ్యా" అంటుంది. కిందటేడు కోర్టు నన్ను ఆమెకు సంరక్షకుడిగా నియమించింది. ఆమె సొమ్ము ఆమె ఖాతాలోనే ఉండాలి, ఆమెకే ఖర్చు కావాలి, నేను కోర్టుకు లెక్క చెప్పాలి. మందులకూ, పగలు తోడుండే మనిషి జీతానికీ ఏడాదంతా ఆ తోట పంటే ఆధారం.

ఈ ఏడు తోట విరగబూసింది. పలాస నుంచి వ్యాపారి బండి మీద వచ్చి, చెట్లన్నీ చూసి, చెట్టు నీడన కూర్చున్న అత్తయ్య కుర్చీ పక్కనే నిలబడి, పూత మీదే ఈ ఏటి పంటకు ధర చెప్పాడు. నిరుటికంటే తక్కువ. అలవాటుగా నా తల ఊగబోయింది. బలవంతాన ఆపాను.

"చాలదు" అన్నాను. చెవులు వేడెక్కాయి.

వ్యాపారి తెల్లబోయాడు. "ఏటి బాబూ! మీ ఇంట్ల బేరమా? మీ నాయన వింటే ఏటనుకుంతారు?"

"వినడానికి ఆయన లేరు. పూత చూసి ధర చెప్పు."

"మబ్బు పట్టిందంటే పూతంతా మాడిపోద్ది. నానేటైపోవాలి?"

"మబ్బు నిరుడూ పట్టింది. అయినా మళ్లీ వచ్చావు కదా!"

అతను దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "సరే, పెంచుతాను. పెంచింది మీ సేతికే ఇచ్చెత్తాను. కోర్టుకెవులు సెప్తారు?"

"నేనే చెప్తాను. అదీ అత్తయ్య ఖాతాలోనే జమ చెయ్యి. ఇంకా పెంచు."

అతను విసురుగా బండి దాకా వెళ్లి, కాసేపు నిలబడి, వెనక్కొచ్చాడు. నిరుటి ధర దాటాడు. అంతలో అత్తయ్య చప్పట్లు కొట్టింది.

"అన్నియ్యా! ఇన్నాళ్లకి నోరిప్పినావు! అడుగు, ఇంకా అడుగు!"

వ్యాపారి పగలబడి నవ్వాడు. "అమ్మా, నువ్వు కూడానా!"

నాకూ నవ్వాగలేదు. మా నాన్న తరఫున ఇంకోసారి అడిగాను. ఈసారి తలూపింది వ్యాపారి. తాంబూలం అత్తయ్య చేత ఇప్పించాను.