బావ వద్దన్న పాత్ర

మా గూడెం ప్రార్థన పాకలో శనివారం సాయంత్రాలు తాగుడు మానదలచినవాళ్లు ఎనిమిదిమంది కూడేవారు. బడిపంతుల్ని, పైగా సంఘపెద్దని కావడంతో ఆ కూటం నడిపించే పని నామీద పడింది. సారా రుచే ఎరగనివాణ్ణి, ఆ పెద్దరికం ఏ మొహం పెట్టుకుని పుచ్చుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ ఎనిమిదిమందిలో మా అక్క భర్త ఒకడు. యానాంలో సారా చౌకని పడవెక్కి పోయి, నాలుగేసి రోజులు అయిపూ ఆచూకీ లేకుండా ఉండేవాడు. అక్క అన్నం మానేసి గుమ్మంలో కూర్చునేది.

పొద్దు వాలే వేళకే నోరు పీకేస్తుందని అందరూ చెప్పుకునేవారు. దానికి మందు బావే కనిపెట్టాడు. పాక వెనక కూరపాదులకు నీళ్లు తోడే ఏతం ఉంది. దూలం మీద మనిషి ముందుకీ వెనక్కీ నడుస్తుంటే నూతిలోని బొక్కెన పైకి వస్తుంది, కిందికి దిగుతుంది. తాగాలనిపించినవాడు దూలమెక్కేవాడు. మిగతావాళ్లు గట్టున కూర్చుని కీర్తన అందుకునేవారు. అడుగు తప్పితే నడుం విరుగుతుంది గనక దూలం మీదున్నంతసేపూ సారా గుర్తుకే రాదనేవాడు బావ. చెమటతో దిగి, కడుపునిండా తిని, ఒళ్లెరక్కుండా నిద్రపోయేవారు. చేతుల వణుకు తగ్గింది. బావకంటే ముందు మా అక్క ఒళ్లు చేసింది.

అలా పది నెలలు గడిచాయి. తాగేవాళ్లకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసాల్లో పాలు ఇవ్వకపోవడం మా సంఘం కట్టుబాటు. మానినవాడు మళ్లీ అందరి ఎదుటా మోకరించి, రొట్టె తిని పాత్ర అందుకుంటేనే మనిషి కింద లెక్క. బావ సిద్ధంగా ఉన్నాడని పాదిరిగారితో నేనే చెప్పాను. ఈస్టరు ముందురోజు బావ నన్ను ఏతం దగ్గరికి పిలిచి, రొట్టె మాత్రం తీసుకుంటాననీ, పాత్ర వద్దని పాదిరిగారికి చెప్పమనీ బతిమాలాడు. అందులోది పులిసిన ద్రాక్షరసమేననీ, ఆ వాసన చాలు తనని పడగొట్టడానికనీ అన్నాడు. నాకు కోపం వచ్చింది.

"అది ప్రభువు రక్తమండి బావా. దాన్ని సారాతో పోలుస్తారేంటి? పాత్ర వద్దంటే జనం ఏమనుకుంటారు?"

జనం ఆయన్ని కాదు, నన్ను ఏమనుకుంటారోనని నా బెంగ. పాదిరిగారికి చెప్పలేదు.

మర్నాడు పాత్ర దగ్గరికి వచ్చినప్పుడు బావ నావైపు చూశాడు. తీసుకోమని తల ఊపాను. గుక్కెడు తాగాడు. చాలాసేపు మోకాళ్లమీదనుంచి లేవలేదు. మంగళవారం యానాం పడవెక్కాడు.

రెండు వారాలకు తిరిగొచ్చాక సంఘం కూర్చుంది. ఏతం తొక్కిన బావ కాళ్లు మళ్లీ పుల్లల్లా అయిపోయాయి. మళ్లీ తాగుడు ఎవరు అలవాటు చేశారో చెప్పమని పాదిరిగారు గుచ్చి గుచ్చి అడిగారు. ఆడవాళ్ల వరసలో అక్క తల దించుకుని ఉంది.

"ఎవరూ చెయ్యలేదండి. తప్పు నాదేనండి" అన్నాడు బావ, నావైపు చూడకుండా.

ఆయన్ని సంఘంలోంచి వెలివేయడానికి ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తాలన్నారు పాదిరిగారు. కూటంలోని మిగతా ఏడుగురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తినవాణ్ణి నేను.