మరియదాసు చేసిన నల్లపెట్టె

మరియదాసు సంగతి కంకిపాడులో ఎవర్నడిగినా చెబుతారు, ఆయన దేన్నీ నమ్మడని. బెజవాడలో ట్రంకుపెట్టెలు చేసే కొట్టులో పనివాడు. తను బిగించిన తాళాన్నే మళ్ళీ మళ్ళీ లాగి చూసుకునేవాడు. అలాంటి మనిషి ప్రాణమంతా ఒక్క క్యాసెట్టు మీదుండేది. పోయిన భార్య మణెమ్మ చర్చిలో పాడిన పాటలున్నాయి అందులో.

బావమరిది ఆరోన్‌కి బెజవాడలోనే క్యాసెట్లు రికార్డు చేసే షాపుంది. "ఇంకో కాపీ తీసిస్తాను బావా, ఒక్కటే ఉంటే భయం" అని బతిమాలాడు.

"కాపీ అని పట్టుకెళ్ళి అసలుది నొక్కేద్దామనా?"

ఛ! సొంత బావమరిదిని పట్టుకుని అనాల్సిన మాటేనా అది?

తొంభైల్లో ఓ వేసవిలో, ఎక్కడో విమానం కూలి కాలిపోయిందనీ, లోపలి నల్లపెట్టెలో పైలట్ల మాటలు రికార్డయిన టేపు మాత్రం దక్కిందనీ పేపర్లో వచ్చింది.

"నల్లపెట్టె అని పేరు, రంగేమో నారింజట. అక్కడే దొరికిపోయారు!" అన్నాడు మరియదాసు.

"శిథిలాల్లో చప్పున కనబడాలని ఆ రంగు బావా. పైన మందపాటి ఉక్కు. లోపల ఒక పొర ఉంటుంది. మంట తగిలితే దాన్లో ఉన్న నీరు ఆవిరవుతుంది. ఆ నీరు అయిపోయేదాకా టేపుకి వేడి సోకదు."

"కోతలు కొయ్యకు. నేనే చేసి నీ బండారం బయటపెడతా."

అన్నంత పనీ చేశాడు. మందపాటి రేకుతో పెట్టె చేసి, లోపల బెత్తెడు మందాన, గట్టిపడ్డాక కూడా నీటిని తనలో పట్టి ఉంచే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, నడుమ చిన్న డబ్బా ఇరికించాడు.

"మనది తాటాకిల్లు, పైగా ఎండాకాలం. అక్క క్యాసెట్టు ఇందులో పెట్టెయ్ బావా" అన్నాడు ఆరోన్.

"పరీక్షించకుండానా? నాకేమన్నా పిచ్చా?"

పాత క్యాసెట్టొకటి తీసి, తన గొంతే రికార్డు చేసి డబ్బాలో పెట్టాడు. ఆదివారం పెట్టెను మంటలో వేసి చూద్దామనుకున్నాడు. మణెమ్మ క్యాసెట్టు మాత్రం ఎప్పట్లాగే చూరులో, దొంగ కంట పడకుండా, తాటాకుల మధ్యే ఉంది.

ఆదివారం రాకముందే, ఆయన కొట్టులో ఉండగా, పక్కింటి పొయ్యిలోంచి నిప్పు రేగింది. పేటంతా అంటుకుంది. మరియదాసు పరిగెత్తుకొచ్చేసరికి ఇల్లు లేదు, చూరూ లేదు. బూడిదలో పెట్టె ఒక్కటే ఉంది.

షాపుకి తీసుకెళ్ళి ఆరోన్ దాన్ని ఉలితో పగలగొట్టాడు. ప్లాస్టిక్కు కాస్త వంగింది గానీ టేపు భేషుగ్గా ఉంది. వేరే క్యాసెట్టులోకి ఎక్కించి మీట నొక్కాడు. మరియదాసు గొంతు ఖంగుమంది:

"నేను మరియదాసుని. ఇదంతా మోసం. ఇందులో పెట్టింది ఏదీ దక్కదు."

"ఆపరా ఆరోనూ, ఆపెయ్" అంటూ నేలమీద కూలబడి భోరుమన్నాడు మరియదాసు. "దాని పాట పెట్టాల్సిన చోట నా కూతలు పెట్టుకున్నానురా!"