ఎర్ర డబ్బాలో పడ్డ ఉత్తరం

పక్కింటి ఈనక్ సగ్డెన్ గడప దాటితే చాలు, నా కిటికీకి తెలుస్తుంది. భార్య హెట్టీ పోయి రెండు చలికాలాలయింది. అప్పటినుంచి ఆయన మాట్లాడేది పెరట్లోని పన్నెండు పావురాలతోనే.

మోకాళ్లు గూటి నిచ్చెన ఎక్కనివ్వక అమ్మేద్దామనుకున్నాడు. హల్ పట్నం నుంచి బ్లాంచర్డ్ అనే ఆయన అన్నిటినీ కొంటానని, సమ్మతమైతే ఉత్తరం రాయమని కబురు పెట్టాడు. శనివారం పొద్దున ఈనక్ ‘సరే’ అని రాసి వీధి మూల ఎర్ర డబ్బాలో వేశాడు. పావుగంటకే మళ్లీ వెళ్లి డబ్బా పక్కన నిలబడ్డాడు. వాన మొదలైనా కదల్లేదు. నేనుండబట్టలేక టీ పట్టుకుని వెళ్లాను. వాటిలో నీలం రంగు ముసలి పావురం హెట్టీ చేతిలో పెరిగిన పిట్ట, దాన్నీ ఇచ్చేశానే అన్నాడు. ఉత్తరం వెనక్కి కావాలట.

పోస్టుమాన్ క్లఫ్ వచ్చి తాళం తీశాడు.

“ఇందులో పడ్డాక అది నీదీ కాదు, నాదీ కాదు, పెద్దాయనా.”

ఈనక్ అటునుంచటే వెళ్లి, అమ్మనని టెలిగ్రాం కొట్టాడు. అది ఆ మధ్యాహ్నమే హల్ చేరింది. ఉత్తరం చేరింది సోమవారం. అయినా బ్లాంచర్డ్ బేరం బేరమేనన్నాడు. లాయరు దగ్గర గుమాస్తా అయిన మా అల్లుణ్ణి నిలదీశాను.

“ఉత్తరంతో జవాబు అడిగితే, చేరినప్పుడు కాదత్తయ్యా, డబ్బాలో పడ్డప్పుడే ఒప్పుకున్నట్టు.”

బుధవారం బ్లాంచర్డ్ బుట్టలతో వచ్చాడు. ఈనక్ ఒక్కోదాన్నీ తనే అందించాడు.

పావురం పెరిగిన గూడు మరిచిపోదు. నెలలోపే నీలంది తిరిగొచ్చింది. ఈనక్ దానికి గింజలు పెట్టి, మర్నాడు బుట్టలో రైలెక్కించి పంపేశాడు. నీకేమైనా మతి పోయిందా అని నేను తిట్టాను. “ఆయన పిట్ట కదమ్మా,” అన్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి బుట్ట సర్దుతుండగా బ్లాంచర్డ్ ఉత్తరం వచ్చింది. దీన్ని ఆపడం నావల్ల కాదు, ఒక షిల్లింగుకు మీకే అమ్ముతాను, ఇష్టమైతే ఉత్తరం రాయండి అని.

జవాబు వేయడానికి నన్ను తోడు రమ్మన్నాడు. కవరు డబ్బా నోట్లో పెట్టి చాలాసేపు వదల్లేదు. వదిలాక అడుగున పడిన చప్పుడు విన్నాడు.

“ఇప్పుడు నాదేనా?”

“పడింది కదయ్యా. నీదే.”

ఇంటికొచ్చి కిటికీలోంచి చూశాను. పదకొండు అరలు ఖాళీ. ఆయన నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుని, ఒళ్లోని పిట్టకు హెట్టీ గురించి ఏదో చెబుతున్నాడు. నేను పరదా లాగేశాను.